స్లాబు పెచ్చులూడితే ఖర్చెంత? కొలత నుంచి బిల్లు దాకా

పడకగదిలో స్లాబు పెచ్చు ఊడిపడిందని ఒక మేస్త్రీని పిలిస్తే తలెత్తి చూసి, "ఐదు వేలిస్తే అయిపోద్దండీ" అంటాడు. ఇంకో ఆయన అదే చోటు చూసి ముప్పై వేలంటాడు. ఇద్దరిలో ఒకరు మోసం చేస్తున్నారని అనుకోనక్కర్లేదు. మొదటాయన లెక్క ఊడిన చోట మాలు పూసి రంగేయడానికి. రెండో ఆయన లెక్క గుల్లబారిన భాగమంతా కొట్టి, ఊచల తుప్పు తీసి, అరిగినచోట కొత్త ఊచ కట్టి, పాలిమర్ మాలుతో, అంటే అతుకు పెంచే రసాయనం కలిపిన సిమెంటు మాలుతో, పూడ్చడానికి. ఊచ తుప్పు పట్టిన స్లాబుకు మొదటి పని చేయిస్తే ఆ ఐదు వేలు ఒకటి రెండు వానాకాలాల్లో మళ్లీ నేల మీద పడతాయి. ఏ పని కావాలో తేలకముందు అడిగే రేటుకు అర్థం లేదు. అందుకే ఇక్కడ ముందు పరీక్ష, తర్వాత డబ్బు.

ఒక్క మాట ముందే చెప్పాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న కాంక్రీటు పెచ్చు ఐదున్నర కిలోల దాకా తూగుతుంది. పగుళ్లు కనిపించిన స్లాబు కింద నుంచి మంచం, ఊయల, పిల్లల చదువుబల్ల ఈ రోజే పక్కకు జరపండి. మేస్త్రీ వచ్చేదాకా ఆగొద్దు.

కొట్టి చూడటం

చిన్న సుత్తి గానీ గట్టి కర్ర గానీ తీసుకుని, స్టూలు మీద నిలబడి, జానెడు జానెడు దూరంలో స్లాబంతా తట్టుకుంటూ పోవాలి. కళ్లలో పొడి పడకుండా అద్దాలు, తలకు హెల్మెట్ తప్పనిసరి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల విడిపోయిన చోటు ఖాళీ డబ్బాలా మోగుతుంది. గుల్ల మోగిన చోటల్లా చాక్‌పీసుతో గీసుకుంటూ పోతే చివరికి అసలు విస్తీర్ణం బయటపడుతుంది. ఊడినది పది చదరపు అడుగులుంటే గుల్ల పదిహేను, ఇరవై తేలడం మామూలే. మేస్త్రీ రాకముందే ఈ గీతల ఫొటోలు తీసి, టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. రేపు బిల్లు దగ్గర మాట్లాడేది ఈ కాగితమే.

పగుళ్లను కూడా చదవాలి. సాలెగూడులా అన్ని వైపులా పాకిన సన్నటి గీతలు సాధారణంగా ప్లాస్టరింగువి. తట్టినా గుల్ల మోగకపోతే లప్పం, రంగుతో పోతాయి. ఐదారు అంగుళాల ఎడంలో తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి సాగే పగుళ్లు ఊచల వెంబడి వచ్చినవి. వాటి అంచున ఇటుక రంగు మరక ఉంటే ఇక సందేహం లేదు, లోపల తుప్పు మొదలైంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బే కింది కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చులూడటమంటే ఇదే.

స్లాబు వంగిందో లేదో చూడటానికి ఒక గోడ నుంచి ఎదురు గోడకు, స్లాబుకు సమానమైన ఎడంలో, దారం బిగించి కట్టండి. మధ్యలో ఎడం ఎంత తగ్గిందో అంతే వంపు. కాంక్రీటు కట్టడాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మొత్తం వంపు పొడవులో 250వ వంతు దాటకూడదు. 12 అడుగుల గదికి అది సుమారు 15 మిల్లీమీటర్లు. అంతకు మించితే, లేదా దూలంలో పగులు కనిపిస్తే, మేస్త్రీతో తేల్చుకునే విషయం కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు రావాలి. ఇంటికి వచ్చి చూసి రాతపూర్వకంగా సలహా ఇవ్వడానికి రూ. 3,000 నుంచి 10,000 దాకా తీసుకుంటారు. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ లాంటి, కాంక్రీటు పగలగొట్టకుండా దాని నాణ్యత చూసే పరీక్షలు కావాలంటే దాని మీద వేరే. ముప్పై వేలు దాటే ఏ పనికైనా ఈ ఖర్చు పెట్టడమే మంచిదని మా అభిప్రాయం. ఆ కాగితం చేతిలో ఉంటే నాలుగు కొటేషన్లు ఒకే పనికి వస్తాయి.

ఇంజనీరు చేసే చవకైన పరీక్ష ఒకటుంది, మీరూ అడిగి చేయించుకోవచ్చు. అప్పుడే కొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, ఊచను కాపాడే క్షారగుణం ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది. రంగు రాకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడు అక్కడిదాకా చేరి ఆ గుణాన్ని చంపేసిందని అర్థం. రంగు రాని పొర ఊచలను దాటి లోపలికి వెళ్లి ఉంటే, ఇవాళ ఊడని చోట కూడా ముందు ముందు ఊడుతుందని లెక్క వేసుకోవాలి.

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి

వాన పడినప్పుడే తడిస్తే డాబా. ఏడాది పొడవునా చెమ్మగా ఉండి పొద్దున స్నానాల వేళ ఎక్కువైతే పైన బాత్రూమ్. రాత్రీపగలూ తేడా లేకుండా బొట్లు పడితే నీళ్ల పైపు. ఫ్యాన్ డబ్బా లోంచి నీళ్లు కారుతుంటే స్లాబులో వేసిన కరెంటు గొట్టంలోకి నీరు చేరినట్టు. ఆ గది ఎంసీబీ వెంటనే దించేయండి. నీరు చేరిన చోటు ఆ గొట్టం పొడవునా ఎక్కడైనా కావచ్చు, సరిగ్గా ఫ్యాన్ పైన వెతికితే దొరక్కపోవచ్చు.

డాబాను పరీక్షించాలంటే వాననీటి గొట్టాలు మూసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెడతారు. రెండంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. స్లాబు వంగి ఉన్నా, ఊచలు బాగా తినేసి ఉన్నా ఈ పరీక్ష వద్దు, గొట్టంతో కొద్దికొద్దిగా ఒక్కో మూల తడిపి చూడండి. బాత్రూమ్‌కైతే నేల మీది కాలువ మూసి అంగుళం నీళ్లు 24 గంటలు ఉంచితే చాలు. నేల మీద నిలబెట్టిన నీళ్లు దిగకుండా, కింద మాత్రం చెమ్మ పెరుగుతుంటే లీకు గోడలోని పైపుది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరాన ఇంకో సంగతి. అక్కడ చుక్క నీరు కారకుండానే ఊచలు తుప్పు పడతాయి. గాలిలో ఉప్పు, కట్టేటప్పుడు వాడిన ఉప్పునీరు, కడగని ఇసుక కారణాలు. పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించినా ఆ ఇళ్లకు పూర్తి ఉపశమనం ఉండదు. రిపేరు చేసిన అతుకు చుట్టూ కొత్తగా తుప్పు రావడం కూడా ఉప్పు ఉన్న కాంక్రీటులోనే ఎక్కువ. ఇంకో కారణం ఊరూరా ఉన్నదే. సెంట్రింగ్ మీద కవర్ బ్లాకులు (ఊచను పైకెత్తి ఉంచే చిన్న బిళ్లలు) పెట్టకుండా ఊచలు పరచి పోసిన స్లాబు. కింద కనీసం 15 నుంచి 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాల్సినచోట ప్లాస్టరింగు పొర తప్ప ఏమీ ఉండదు.

రేట్లు ఎలా ఉంటాయి

కింది అంకెలు హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల చిన్న ఇంటి పనులకు బడ్జెట్ వేసుకోవడానికి పనికొచ్చే అంచనాలు. చిన్న ఊళ్లలో కూలి కొంత తగ్గుతుంది, రసాయనాల ధర తగ్గదు. కూలి రోజుకు తాపీ మేస్త్రీకి రూ. 1,000 నుంచి 1,300, సహాయకుడికి రూ. 700 నుంచి 900 అనుకోండి.

సన్నటి పగుళ్లు గీసి, నింపి, లప్పం పెట్టే పనికి అడుగు లెక్క ఉండదు. ఎంత చిన్నదైనా ఒక రోజు కూలి, సామాన్లు కలిపి రూ. 1,500 నుంచి 3,000 అవుతుంది. ఊచల జోలికి పోకుండా గుల్లబారిన ప్లాస్టరింగు మాత్రమే తీసి కొత్తది చేయడానికి చదరపు అడుగుకు రూ. 60 నుంచి 100. ఊచలు బయటపడి, తుప్పు తీసి, పూత వేసి, పాలిమర్ మాలుతో పూడ్చే పనికి రూ. 250 నుంచి 400. కొత్త ఊచలు కూడా కట్టాల్సి వస్తే రూ. 400 నుంచి 600. రెండంగుళాలకు మించిన లోతులో సెంట్రింగ్ కట్టి మైక్రోకాంక్రీటు (సన్న కంకరతో జారుగా పోసే కాంక్రీటు) పోయాల్సి వస్తే ఇంకా పైకి పోతుంది, దానికి ఇంజనీరు డ్రాయింగ్ లేకుండా రేటు ఒప్పుకోకండి. విస్తీర్ణం ఇరవై అడుగుల లోపుంటే అడుగు రేటు పెరుగుతుంది. పరంజా, జాకీలు, ఆటో ఖర్చు చిన్న పనికైనా పెద్ద పనికైనా ఒకటే కదా.

పైన చేసే పనికి వేరే లెక్క. డాబా మీద శుభ్రం చేసి, పగుళ్లు నింపి, అక్రిలిక్ పూత రెండు చేతులు వేయడానికి అడుగుకు రూ. 35 నుంచి 70. పాలీయురేతేన్ పూతకు రూ. 80 నుంచి 120. కొత్తగా కోబా, అంటే ఇటుక ముక్కలు, మాలుతో వాటం తీసిన పొర, వేస్తే రూ. 120 నుంచి 180. ఐదడుగులు ఏడడుగుల బాత్రూమ్ టైల్స్ పీకి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, మళ్లీ టైల్స్ వేయడానికి రూ. 30,000 నుంచి 60,000. చివరగా సీలింగుకు లప్పం, ప్రైమర్, రెండు చేతుల రంగుకు అడుగుకు రూ. 18 నుంచి 30.

రిజిస్టరైన కాంట్రాక్టరు బిల్లిస్తే 18 శాతం జీఎస్టీ కలుస్తుంది. రేటు అడిగేటప్పుడే "జీఎస్టీతోనా, లేకుండానా" అని తేల్చుకోండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతానికి దిగింది. కానీ స్లాబు రిపేరులో సిమెంటు వాటా ఎంత తక్కువో కింది లెక్క చూస్తే తెలుస్తుంది. ఆ తగ్గింపు చూపించి బేరమాడితే వచ్చేది పెద్దగా ఉండదు.

ఒక గది లెక్క

పది అడుగులు, పన్నెండు అడుగుల గది. ఊడిన చోటు 30 చదరపు అడుగులు, తట్టి చూస్తే గుల్ల 45. కొట్టాల్సిన సగటు లోతు 30 మిల్లీమీటర్లు. కొన్నిచోట్ల 8 మి.మీ. ఊచలు అరిగాయి, ఎనిమిదడుగుల ముక్కలు ఆరు కొత్తగా కట్టాలి.

45 చదరపు అడుగులంటే 4.18 చదరపు మీటర్లు. 30 మి.మీ. లోతుకు పూడ్చాల్సింది 0.125 ఘనపు మీటరు. పొడి సరుకు మూడో వంతు దాకా ఎక్కువ పడుతుంది, తలపైకి విసిరే మాలులో పదో వంతైనా కింద రాలిపోతుంది. కాబట్టి పొడిగా 0.18 ఘనపు మీటరు కావాలి. ఒకటికి మూడు పాళ్లలో సిమెంటు సుమారు 65 కిలోలు, ఇసుక దాదాపు 5 ఘనపు అడుగులు. మాలుకు ముందు రుద్దే పాలపూతకు కూడా కలిపి రెండు బస్తాలు తెస్తారు. సిమెంటు బరువులో 10 నుంచి 15 శాతం లెక్కన ఎస్‌బీఆర్ లేటెక్స్ (మాలు అతుకు పెంచే, పాలలా ఉండే పాలిమర్ ద్రవం) ఐదు కిలోల డబ్బాలు రెండు. ఊచల బరువు మీటరుకు 0.395 కిలో చొప్పున ఆరు కిలోల లోపే.

డబ్బులోకి మారిస్తే: సిమెంటు రూ. 700, ఇసుక 300, లేటెక్స్ 2,500, తుప్పు తీసే ద్రావణం, ఊచల పూత 1,800, ఊచలు 400, బైండింగ్ తీగ, వైరు బ్రష్షులు, ప్లాస్టిక్ పట్టాలు, గ్రైండర్ బ్లేళ్లు 1,000. మొత్తం సామాను రూ. 6,700. ఒక మేస్త్రీ, ఇద్దరు సహాయకులు నాలుగు రోజులు, సుమారు రూ. 11,200. జాకీల అద్దె, పరంజా, వాటి రవాణా 2,500, చెత్త ఎత్తివేత 1,500. అంతా కలిపితే 21,900. కాంట్రాక్టరు 15 శాతం లాభం వేసుకుంటే రూ. 25,200. అడుగుకు 560 పడింది. బిల్లుతో అయితే జీఎస్టీ ఇంకో నాలుగున్నర వేలు. తర్వాత గది సీలింగు మొత్తానికి రంగు, 120 అడుగులకు రూ. 3,000.

ఈ లెక్కలో సగం కూలి, ఇంకో ముప్పై శాతం సామాను. కాబట్టి ఎవరైనా ఇదే పనిని అడుగు 150కి చేస్తానంటే ఏది తగ్గిస్తున్నాడో ఆలోచించండి. కూలి తగ్గదు. తగ్గేవి రెండే: కొట్టే లోతు, ఊచలకు చేయాల్సిన పని. రెండూ మాలు పూశాక కనిపించవు.

ఇక్కడితో ఖర్చు ఆగిందనుకోకండి. నీళ్లు డాబా నుంచి వస్తున్నాయనుకుందాం. ఆ ఒక్క గది మీద మాత్రమే పూత వేస్తే పనికిరాదు, నీళ్లు పక్క గది మీద దిగి స్లాబులో పాకి వస్తాయి. వెయ్యి చదరపు అడుగుల డాబాకు అడుగు 50 చొప్పున రూ. 50,000. అంటే సీలింగు రిపేరుకు రెట్టింపు. చాలామంది ఈ అంకె చూసి కింది పని చేయించి పైది వచ్చే ఏటికి వాయిదా వేస్తారు. చేతిలో ఒకదానికే డబ్బుంటే పైదే చేయించండి. కింద గుల్ల మోగేదంతా రాలగొట్టించి, ఊచలకు పూత వేయించి, అలాగే వదిలేసినా ఒక ఏడాది గడుస్తుంది. చూడటానికి బాగోదు, కానీ ఎవరి తల మీదా పడదు.

పని ఎలా జరగాలి

వరస ముఖ్యం. పైన వాటర్‌ప్రూఫింగ్ ఎండాకాలంలో, జూన్ వానల ముందే పూర్తి కావాలి. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కూడా వానలుంటాయి, అది దృష్టిలో పెట్టుకోండి. పైపని అయ్యాక స్లాబు ఆరడానికి మూడు నాలుగు వారాలు ఇచ్చి, అప్పుడు కింది పని.

కొట్టే ముందు జాకీలు గానీ సరుగుడు బాదులు గానీ, పైన అడ్డపలక పెట్టి, బిగించాలి. స్లాబు మందం సాధారణంగా నాలుగున్నర, ఐదు అంగుళాలే. దానిలో కిందినుంచి అంగుళంన్నర తీస్తున్నప్పుడు ఆసరా లేకపోతే ఎలా? పెద్ద బ్రేకర్ మిషన్ వద్దు. దాని అదురుకు గట్టిగా ఉన్న కాంక్రీటు కూడా విడిపోతుంది, ఒక్కోసారి పైకి చిల్లు పడుతుంది. ఉలి, సుత్తి, లేదా చేతిలో ఇమిడే తేలిక చిప్పింగ్ మిషన్ చాలు. అంచులను గ్రైండరుతో అర అంగుళం లోపు లోతున తిన్నగా కోయాలి, ఊచ తగలకుండా. అంచు పలచగా జారుడుగా వదిలితే కొత్త మాలు అక్కడే మొదట విప్పుకుంటుంది.

ఎంత లోతు కొట్టాలన్నది మేస్త్రీలు ఎక్కువగా తప్పు చేసే చోటు. ఊచ కనిపించగానే ఆపేస్తారు. తుప్పు ఊచ వెనకవైపు కూడా ఉంటుంది. ఊచ చుట్టూ వేలు దూరేంత, అంటే వెనకాల 20 మిల్లీమీటర్లు, ఖాళీ రావాలి. పొడవులో తుప్పు లేని శుభ్రమైన ఇనుము కనబడ్డాక ఇంకో రెండంగుళాలు ముందుకు వెళ్లి ఆపాలి. ఇక్కడే అసలు విస్తీర్ణం తేలుతుంది. కాబట్టి బిల్లుకు కొలత కొట్టిన తర్వాతే తీయండి, ఇద్దరూ కలిసి.

ఇప్పుడు వైరు బ్రష్షుతో ఊచను మెరిసేదాకా రుద్ది, వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) మందం చూడాలి. 8 మి.మీ. ఊచ 7కి దిగిందంటే చూడ్డానికి ఒక్క మిల్లీమీటరే, కానీ కోత వైశాల్యంలో 23 శాతం పోయింది. 20 నుంచి 25 శాతం పోయిందంటే పక్కన కొత్త ఊచ కట్టాల్సిందే. ఆ కొత్త ఊచ పాత మంచి ఊచతో ఊచ మందానికి 50 రెట్లు, అంటే 8 మి.మీ.కి 400 మి.మీ., పదహారు అంగుళాలు, రెండు వైపులా కలిసి ఉండాలి. అందుకోసం గట్టిగా ఉన్న కాంక్రీటును కూడా కొంత తెరవాల్సి వస్తుంది. కొత్త ఊచల పనికి రేటు పెరగడానికి ఇనుము ధర కాదు, ఈ అదనపు కొట్టుడే కారణం. వెల్డింగ్ చేస్తే త్వరగా అవుతుందంటే ఒప్పుకోవద్దు. ఇప్పటి టీఎంటీ ఊచ బలం ఎక్కువగా గట్టిపరచిన పై పొరలో ఉంటుంది, వేడికి అది పోయే ప్రమాదముంది. వేలాడుతున్న పాత ఊచను కోసి పారేయడం అంతకంటే పెద్ద తప్పు.

తుప్పు తీసే ద్రావణం వాడితే తర్వాత నీళ్లతో కడిగి ఆరబెట్టి, ఊచకు చుట్టూ జింక్ ప్రైమరు వేయాలి, వెనకవైపు మరవకుండా. మర్నాడు కాంక్రీటును తడిపి, నీరు నిలవకుండా తుడిచి, లేటెక్స్, సిమెంటు కలిపిన పాలపూత బ్రష్షుతో రుద్దాలి. ఈ పూత తడిగా ఉండగానే మాలు ఎక్కాలి. పొద్దున స్లాబంతా పూత వేసి, టీ తాగొచ్చి మాలు మొదలుపెడితే ఆ పూత రబ్బరు పొరలా ఆరిపోయి, అతికించాల్సిందే విడదీస్తుంది. మేస్త్రీ చేయి ఎంత మంచిదైనా ఈ ఒక్క తప్పుతో మొత్తం పలకలా ఊడిపడుతుంది. అందుకే ఒకేసారి ఆరేడు చదరపు అడుగులకే పూత వేయమనండి.

మాలు ఒక్క చేతిలో 10, 12 మిల్లీమీటర్లకు మించకూడదు. 30 మి.మీ. పూడ్చాలంటే మూడు చేతులు. ప్రతి పొర మీద గరుకు గీతలు గీసి, కాస్త బిగిశాక తర్వాతది, మధ్యలో మళ్లీ పాలపూత. రెండు రోజుల పని ఒకే పూటలో ముగించాలని లావుగా విసిరితే బరువుకు జారుతుంది, జారకపోయినా లోపల గుల్ల మిగులుతుంది. గుంతలను పీవోపీతోనో వాల్ పుట్టీతోనో నింపడం ఎక్కడైనా చూస్తే పని ఆపించండి. పీవోపీ చెమ్మ పీల్చి ఊచ పక్కనే ఉంచుతుంది. లప్పం పూర్తయిన మాలు మీద రెండు మూడు మిల్లీమీటర్లకే.

క్యూరింగ్‌లోనూ తేడా ఉంది. మామూలు సిమెంటు మాలుకు వారం రోజులు తడి ఉండాలి. లేటెక్స్ కలిపినదానికి ఒకటి రెండు రోజులు తడి ఉంచి, తర్వాత గాలికి ఆరనివ్వాలి, అప్పుడే లోపల పాలిమర్ పొర కడుతుంది. జాకీలు ఎప్పుడు తీయాలో ఇంజనీరుంటే ఆయన చెప్తారు. లేకపోతే కొత్త ఊచలు కట్టిన చోట రెండు వారాలైనా ఉంచండి. రంగు తొందరపడొద్దు, మూడు నాలుగు వారాల తర్వాతే. తడి మీద వేసిన రంగు బొబ్బలెక్కుతుంది.

బాల్కనీకి, సన్‌షేడ్‌కు ఈ పద్ధతి పనికిరాదు. వాటి అసలు ఊచలు పైభాగంలో ఉంటాయి. కిందినుంచి ఎంత అందంగా పూడ్చినా బలం రాదు. బాల్కనీ నేలలో, గోడకు ఆనుకుని పగులుంటే, దాని మీద ఎవరూ నిలబడకుండా చేసి ఇంజనీరును పిలవండి. ఫ్యాన్ హుక్ దగ్గర తుప్పు ఉన్నా ఫ్యాన్ దించేసి, హుక్ కొత్తది వేయించాకే మళ్లీ బిగించాలి. సున్నం, ఇటుక, టేకు దూలాలతో కట్టిన పాత మద్రాసు టెర్రస్ ఇళ్లకు కూడా ఈ లెక్కలు వర్తించవు. అక్కడ చూడాల్సింది గోడలోకి దూరిన దూలం కొన, పూడ్చాల్సింది సున్నంతో.

ఫాల్స్ సీలింగ్ ఉంటే

జిప్సం బోర్డు తడిస్తే మధ్యలో పొట్టలా జారుతుంది. ఆరాక బలం తిరిగి రాదు, ఆ బోర్డు మార్చాల్సిందే. ఆరడుగులు నాలుగడుగుల బోర్డు ఒకటి మార్చి, కీళ్లకు టేపు వేసి, లప్పం, రంగుతో పూర్తి చేయడానికి రూ. 2,500 నుంచి 4,000. మొత్తం కొత్తగా వేయడానికి అడుగుకు రూ. 75 నుంచి 110, రంగు, లైట్లు వేరే. బోర్డు తీసినప్పుడు దాన్ని మోసే జీఐ (జింకు పూత ఇనుప) పట్టీల తుప్పు చూడండి, బోర్డు బిగించే పట్టీల మధ్య దూరం 457 మి.మీ.కు మించి ఉంటే మళ్లీ జారుతుంది. అన్నిటికంటే ముందు టార్చిలైటుతో పైన అసలు స్లాబు చూడండి. ఫాల్స్ సీలింగ్ వెనక పెచ్చులు ఏళ్ల తరబడి ఊడుతున్నా తెలియదు, రాలిన ముక్కలు బోర్డు మీదే పేరుకుంటాయి.

మీరే కట్టాలా

ఫ్లాట్ అయితే జేబులో చేయి పెట్టే ముందు ఇది చూసుకోండి. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ల లోపు స్ట్రక్చర్‌లో లోపం బయటపడితే, రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఫొటోలు, తేదీతో రాతపూర్వకంగా ఇవ్వండి, ఫోనులో చెప్పింది లెక్కకు రాదు. ఐదేళ్లు దాటితే, చివరి అంతస్తు మీది డాబా లీకు సాధారణంగా అసోసియేషన్ ఖర్చు, ఎందుకంటే పైకప్పు అందరిదీ. పై ఫ్లాటు బాత్రూమ్ లీకయితే ఆ ఇంటివారు బాగుచేయించాలి. కింది సీలింగు ఖర్చు ఎవరిదన్న గొడవ మొదలయ్యే ముందే ఇరువైపులవారి ఎదుట నీళ్లు నిలబెట్టి పరీక్ష చేయండి. లీకు కళ్లతో చూశాక మాట సులువవుతుంది.

కొటేషన్‌లో ఏముండాలి

గుత్తకు ఇవ్వకండి, అడుగు లెక్కకే ఇవ్వండి. కొట్టిన తర్వాతి కొలతకే బిల్లు అని, కొత్త ఊచలు కిలో లెక్కన వేరే అని, కొట్టే లోతు ఊచ వెనక 20 మి.మీ. అని, ఊచకు ఏ పూత, మాలులో ఏ లేటెక్స్, బస్తాకు ఎన్ని కిలోలు అని, జాకీలు, చెత్త ఎవరివి అని రాయించుకోండి. కొట్టాక విస్తీర్ణం అంచనా కంటే నాలుగో వంతు పెరగొచ్చు, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. అడ్వాన్సు సామానుకు సరిపడా, అంటే ముప్పై శాతం. ఊచలు శుభ్రం చేసి పూత వేశాక పని ఆపించి, ప్రతి ఊచనూ ఫొటో తీసుకుని, ముప్పై శాతం ఇవ్వండి. ఆ రోజు మీరు ఇంట్లో ఉండాలి, మాలు ఎక్కితే ఇక చూసేదేమీ ఉండదు. పూడ్చడం అయ్యాక ఇంకో ముప్పై. మిగిలిన పది శాతం 28 రోజుల తర్వాత అదే సుత్తితో, అదే చాక్‌పీసు గీతల మేర, మళ్లీ తట్టి చూసి ఇవ్వండి. గుల్ల మోగిన ప్రతి చోటూ రంగు వేయకముందే తీయించి మళ్లీ చేయించాలి.